చేసుకున్నవారికి చేసుకున్నంతేనా?
(పేదరికానికి కారణాలను మన మనసు ఎలా వెతుకుతుంది – ఒక అధ్యయనం)

మన జోగుళాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 2011 జనాభా లెక్కల ప్రకారం 49.87 శాతం. తెలంగాణ జిల్లాలన్నింటిలోకీ ఇదే అట్టడుగు. ఈ అంకె చెప్పి, "ఎందుకిట్లా ఉంది?" అని నమాజు తర్వాత మస్జిద్ మెట్ల మీద కూర్చున్న నలుగురిని అడిగి చూడండి. "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అని ఒకరంటారు. "పిల్లల్ని సీడ్ పత్తిలోకి పంపితే చదువెట్ల వస్తది?" అని ఇంకొకరంటారు. "బడిలో సార్లు సరిగా లేరు" అని మూడో ఆయన అంటూ నా వైపు చూస్తారు. "అంతా నసీబ్" అని పెద్దాయన ముగిస్తారు. అంకె ఒక్కటే, కారణాలు నాలుగు.

ఇది కేవలం మాటల తేడా అయితే ఇంత రాయనవసరం లేదు. ఏ కారణం మన మనసుకు పడుతుందో, మనం చేసే సాయం కూడా దాన్నిబట్టే ఉంటుంది. తప్పు తల్లిదండ్రులదే అనుకున్నవారు వాళ్ళను మందలిస్తారు. పనిలో ఉంది అనుకున్నవారు పిల్లను పొలం నుంచి బడికి తెచ్చే దారి వెతుకుతారు. నసీబ్ అనుకున్నవారు దుఆ చేసి ఇంటికి వెళ్తారు. ప్రతి సంవత్సరం జూన్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తులు ముందు పెట్టుకుని కూర్చునే మన సొసైటీకి ఇది నిత్యం ఎదురయ్యే సంగతి. మనుషులు ఇలా కారణాలు ఎలా వెతుకుతారో అధ్యయనం చేసే శాస్త్రాన్ని సామాజిక మనోవిజ్ఞానం అంటారు. బి.ఎడ్.లో మాకు దాన్ని రెండు పేజీల్లో ముగించారు. నిజానికి అది రెండు పేజీల విషయం కాదు.

1972లో జో ఫేగిన్ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త ఒక సర్వే ఫలితాలను ప్రకటించాడు. మనుషులు పేదవాళ్ళుగా ఎందుకు ఉంటారని అక్కడి జనాన్ని అడిగితే వచ్చిన జవాబులను మూడు రకాలుగా విడదీశాడు. మనిషిలోని లోపం మొదటిది: సోమరితనం, పొదుపు లేకపోవడం, తాగుడు. సమాజంలోని లోపం రెండోది: తక్కువ కూలి, మంచి బడులు లేకపోవడం, వివక్ష. అదృష్టం, రోగం, విధి మూడోది. సంపన్నమైన ఆ దేశంలో ఎక్కువమంది మొగ్గింది మొదటి రకం వైపే. మన మస్జిద్ మెట్ల మీద వినిపించే జవాబులు కూడా ఈ మూడు గంపల్లోనే పడతాయి.

మొదటి గంపే ఎందుకు త్వరగా నిండుతుంది? మన ఆర్.డి.ఎస్. కాలువను చూస్తే సులువుగా అర్థమవుతుంది. రాజోలిబండ దగ్గర తుంగభద్ర మీది ఆనకట్ట నుంచి బయలుదేరే ఈ కాలువ పొడవు 143 కిలోమీటర్లు. అందులో మొదటి 42.6 కిలోమీటర్లు కర్ణాటకలోనే. మన వైపు 87,500 ఎకరాలు తడపాలని లెక్క వేసి కట్టారు. ఏనాడూ ఆ లెక్క నిండలేదు. ఆ లోటు పూడ్చడానికే తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకం పెట్టాల్సి వచ్చింది. కాలువకు పైన ఉన్న రైతు వరి వేస్తాడు. చివర ఉన్న రైతు ఆకాశం చూస్తాడు. ఇద్దరి నేలా దాదాపు ఒకటే, ఇద్దరూ తెల్లవారకముందే లేస్తారు. పదేళ్ళు గడిచాక పైవాడికి డాబా ఉంటుంది, కిందివాడికి అప్పు ఉంటుంది. ఆ దారిన కొత్తగా వచ్చినవాడికి డాబా కనిపిస్తుంది, అప్పు వినిపిస్తుంది. పొలం కాలువ మీద ఎక్కడుందో మాత్రం కనిపించదు. "ఆయన కష్టపడ్డాడు, ఈయన పడలేదు" అని చెప్పేసి వెళ్ళిపోతాడు. మనిషి ఎదురుగా ఉంటాడు, పరిస్థితి వెనక ఉంటుంది. కళ్ళకు కనబడేదాన్నే మనసు కారణంగా పట్టుకుంటుంది. ఫ్రిట్జ్ హైడర్ అనే మనోవిజ్ఞాని 1958లోనే ఈ సంగతి రాశాడు. 1977లో లీ రాస్ దీన్ని మనిషి ఆలోచనలోని మౌలికమైన పొరపాటు అన్నాడు.

ఆ ఏడాదే రాస్, ఆయన సహచరులు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులతో చేసిన ప్రయోగం ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకోవలసినది. ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి, ఒకరిని ప్రశ్నలు అడిగేవారిగా, ఇంకొకరిని జవాబు చెప్పేవారిగా అదృష్టం మీద ఎంపిక చేశారు. అడిగేవారు తమకు తెలిసిన విషయాల్లోంచే పది కష్టమైన ప్రశ్నలు తయారు చేసుకోవచ్చు. సహజంగానే ఎదుటివారు సగానికి పైగా ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయారు. ఆట అయ్యాక "మీ ఇద్దరిలో ఎవరికి లోకజ్ఞానం ఎక్కువ?" అని అడిగితే, ఓడినవారు, పక్కన కూర్చుని చూసినవారు కూడా ప్రశ్నలు వేసినవారికే ఎక్కువ అన్నారు. ఎవరు అడగాలో ఎవరు చెప్పాలో చీటీ నిర్ణయించిందని అందరికీ తెలిసే ఉంది. అయినా ఆ తీర్పే వచ్చింది.

ఆఫీసు కిటికీ దగ్గర జరిగేది ఇదే. కిటికీ లోపల ఉన్నవాడికి ఫారం నంబరు తెలుసు, ఏ జిరాక్స్ ఎక్కడ పెట్టాలో తెలుసు. కిటికీ బయట ఉన్న తల్లికి తెలియదు. ఐదు నిమిషాల్లో ఆయన తెలివైనవాడు, ఆమె తెలివితక్కువది అయిపోతారు. కొత్తగా నాట్లు వేసే పొలంలో ఆయనను దింపి ఆమెతో ప్రశ్నలు వేయిస్తే ఏమవుతుందో ఎవరూ చూడలేదు. తరగతి గదిలో మేము కూడా ఎప్పుడూ కిటికీ లోపలివాళ్ళమే.

రెండో సంగతి ఇంతకంటే లోతైనది. "చేసుకున్నవారికి చేసుకున్నంత మహాదేవా" అన్న సామెత మన పక్కింటివారిది అనుకోనక్కర లేదు. దాని భావం అన్ని మతాలవారి నోటా ఏదో రూపంలో వినబడుతుంది. లోకం న్యాయంగా నడుస్తోందని, మంచికి మంచి, చెడుకు చెడు దక్కుతుందని నమ్మాలని మనిషికి గట్టి కోరిక. లేకపోతే రేపు నాకూ ఏ తప్పూ లేకుండానే ఏమైనా జరగవచ్చు కదా అన్న భయం పట్టుకుంటుంది. మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ 1966లో ప్రకటించిన ప్రయోగంలో కాలేజీ యువతులకు ఒక దృశ్యం చూపించారు. ఇంకొక అమ్మాయి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు తగిలినట్టు బాధపడుతోంది (నిజానికి అది నటన). ఆమెకు శిక్ష ఆపి బహుమతి ఇప్పించే అవకాశం దొరికినవారు ఆమెను మంచిదానిగానే చెప్పారు. ఆమె బాధ కొనసాగుతుందని, తాము ఏమీ చేయలేమని తెలిసినవారు మాత్రం ఆమెలోనే లోపాలు వెతికారు. సాయం చేయలేనప్పుడు మన మనసు ఆ నొప్పిని తట్టుకోలేక, బాధితురాలి మీదకే తప్పు నెడుతుందన్నమాట. నేను చదివిన ప్రయోగాలన్నింటిలో నన్ను ఎక్కువ కలతపెట్టింది ఇదే.

మన గ్రంథం తెలిసినవారికి ఈ ఫలితం కొత్తగా తోచకపోవచ్చు. దివ్యఖుర్ఆన్ 89వ సూరా అల్-ఫజ్ర్ 15వ ఆయతు నుంచి 20వ ఆయతు వరకు నిదానంగా చదవండి. సంపద దొరికిన మనిషి తన ప్రభువు తనను గౌరవించాడనుకోవడం, ఉపాధి తగ్గినవాడు తనను అవమానించాడనుకోవడం, ఈ రెండు లెక్కలనూ అక్కడ ఒకే మాటతో కొట్టివేయడం కనిపిస్తుంది. కొట్టివేసి ఊరుకోలేదు, వెంటనే యతీముల సంగతి, పేదల అన్నం సంగతి, వారసత్వపు సొమ్ము మింగే సంగతి వస్తాయి. అంటే ఒకరి పేదరికానికి కారణం ఇంకొకరి ప్రవర్తనలో చూడమని దారి చూపుతోంది. సూరా యాసీన్ 47వ ఆయతులో ఇంకో రకంవాళ్ళు కనబడతారు. అల్లాహ్ తలిస్తే తానే అన్నం పెట్టేవాడు కదా, మేమెందుకు పెట్టాలి అని వాదించేవాళ్ళు. ఫేగిన్ మూడో గంప ఇదే. అక్కడ విధి ఓదార్పుగా రాలేదు, చేతులు ముడుచుకోవడానికి సాకుగా వచ్చింది.

"మరి ఒక జాతి తనను తాను మార్చుకోకపోతే అల్లాహ్ దాని స్థితిని మార్చడు అని ఉంది కదా?" అని కొందరు అడుగుతారు. సూరా అర్-రఅద్ 11వ ఆయతు భావం అదే. దాన్ని ఎదుటివాడి సోమరితనం గురించి ప్రసంగాల్లో వాడుతుంటారు. అక్కడ ఉన్న మాట ఖౌమ్, ఒక్క మనిషి కాదు. ఖౌమ్ మారడమంటే డబ్బున్నవాడు కూడా మారడం. ఈ సంగతి ఉలమాల ముందు నేను వివరించబోను, మన ప్రసంగకర్తలకు గుర్తు చేయడం మాత్రం అవసరం.

2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి కర్నూలునూ మన ఆలంపూర్‌నూ ముంచింది. అప్పుడు బియ్యం, దుప్పట్లు, పాత్రలు ఏ ఊరి నుంచో వచ్చాయి. నదికి దగ్గరగా ఎందుకు ఇళ్ళు కట్టుకున్నారని బాధితులను నిలదీసి దుప్పటి ఆపినవారిని నేను చూడలేదు. ఆ కుటుంబాల్లోనే కొన్ని తర్వాతి సంవత్సరాల్లో వడ్డీలు కట్టలేక మెల్లగా కుంగిపోయాయి. అప్పుడు మాత్రం అందరం కారణాలు అడిగాం. నీళ్ళు ఒక్క రాత్రిలో వస్తే ఆపద, అప్పు పదేళ్ళలో వస్తే అలవాటు! మెల్లగా వచ్చే కష్టానికి మనసు ఎప్పుడూ ఒక నేరస్తుణ్ణి వెతుకుతుంది.

పొగడ్త కూడా ఒక్కోసారి ఇదే పని చేస్తుంది. పాలమూరు లేబర్ పేరు దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు ఎక్కడ తవ్వినా గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని మనవాళ్ళు వెళ్ళారు. "పాలమూరోళ్ళు గట్టివాళ్ళు, ఎంత పనైనా చేస్తారు" అంటారు. వినడానికి బాగుంటుంది. వాళ్ళు వెళ్ళింది గట్టివాళ్ళు కాబట్టి కాదు, రెండు నదుల మధ్య ఉండి కూడా చేనుకు నీళ్ళు లేక. వెళ్ళకపోతే అడ్వాన్సు తీరదు. ఆ పొగడ్త ఈ రెండింటినీ కప్పేస్తుంది.

సీడ్ పత్తి సంగతి ఇటువంటిదే. సాయంత్రం ఆడపూవుగా వాడే మొగ్గను గిల్లి అందులోని మగభాగం తీసేయాలి, మరునాడు పొద్దున మగపూవు తెచ్చి రుద్దాలి. వానాకాలం బడి హాజరు పుస్తకం తెరిస్తే ఈ పని ఎప్పుడు మొదలవుతుందో తెలిసిపోతుంది. "చిన్న వేళ్ళకే ఈ పని కుదురుతుంది" అని ఒక శాస్త్రం పుట్టించారు. పెద్దవాళ్ళ వేళ్ళకు కుదరదని కాదు, పెద్దవాళ్ళ కూలి కుదరదని. పేదరికం పోతే గాని పిల్లలు బడికి రారు అన్నది దీని పక్కనే నిలబడే ఇంకో మాట. ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో దీన్ని తలకిందులు చేసి చూసింది. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆశ ఉంది, బడిలో చేర్చే దారే తెలియదు, చేరాక నిలబెట్టే ఏర్పాటే లేదు అని పట్టుకుని, పని మాన్పించిన పిల్లలకు శిబిరాలు పెట్టి వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. కారణం గురించిన ఒక్క నమ్మకం మారితే పని ఎంత మారుతుందో చూపడానికి మన రాష్ట్రంలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

"మావాడికి చదువు రాదు సార్. మా వంశంలోనే లేదు." ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన నా ఉద్యోగంలో ఎక్కువసార్లు విన్న వాక్యం ఇదే. పిల్లవాడు పక్కనే నిలబడి వింటుంటాడు. పైవాళ్ళు కిందివాళ్ళను తప్పుపట్టడం అర్థం చేసుకోవచ్చు. కిందివాళ్ళు తమను తామే ఎందుకు తప్పుపట్టుకుంటారు? 1994లో జాన్ జోస్ట్, మెహజరీన్ బెనాజీ దీనికి ఒక సిద్ధాంతం చెప్పారు. ఉన్న ఏర్పాటు న్యాయమైనదే అని సమర్థించుకోవాలన్న ఒత్తిడి మనుషులందరిలో ఉంటుందని, దానివల్ల నష్టపోయేవారిలోనూ ఉంటుందని. ఈ బెనాజీ మనకు పరాయివారు కారు. సికింద్రాబాద్‌లో ఒక పారసీ కుటుంబంలో పుట్టి, నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదివి, తర్వాత హార్వర్డ్‌లో ఆచార్యులయ్యారు. మనకే తెలియకుండా మన మనసులో దాగి ఉండే పక్షపాతాల మీద ఆమె చేసిన పరిశోధన ప్రపంచమంతటా పాఠ్యాంశం.

ఆ వాక్యం పిల్లవాడి మీద ఏం చేస్తుంది? కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో అగ్రకులాల అబ్బాయిలు 321 మందికి, దళిత అబ్బాయిలు 321 మందికి కాగితం మీద చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. ఎన్ని చేస్తే అన్ని డబ్బులు. కులం ఊసెత్తనప్పుడు రెండు వర్గాలవారూ సమానంగా చేశారు. పేరుతో పాటు కులాన్ని పైకి చదివి ఆట మొదలుపెట్టినప్పుడు దళిత పిల్లల ఫలితం పడిపోయింది. అదే పిల్లలు, అదే పజిల్. మధ్యలో వచ్చింది ఒక్క మాట. స్కాలర్‌షిప్ వివరాల కోసం తరగతిలో కులాల వారీగా నిలబెట్టి లెక్కపెట్టే అలవాటు ఇప్పటికీ ఉన్న బడులు ఈ సంగతి గమనించాలి. ఆఫీసులో కాగితం మీద చూసుకుంటే సరిపోయే పని అది.

మన సముదాయం గురించి లోకానికి ఉన్న మూస అభిప్రాయాలు కూడా ఈ కోవలోవే. "ముస్లింలు పిల్లల్ని మదరసాకే పంపుతారు, అందుకే వెనకబడ్డారు" అనే మాట ఎంతో కాలంగా చలామణిలో ఉంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక లెక్క తీస్తే మదరసాలకు వెళ్ళే పిల్లలు 3, 4 శాతం మాత్రమే. అసలు బడి ముఖం చూడనివారు, మధ్యలో మానేసినవారు కలిపి 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం! అందరి వేళ్ళూ 4 వైపు చూపుతుంటే 25 కనబడకుండా పోయింది. చదివినా ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ప్రకటించిన అధ్యయనంలో ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళితుడి పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు అని తేలింది.

ఇదంతా చదివి మనం బాధితులమేనని తృప్తిపడితే పాఠం సగమే చదివినట్టు. 2007 చట్టంతో 4 శాతం రిజర్వేషన్ దక్కిన బి.సి.-ఇ జాబితాలో 14 వర్గాలు ఉన్నాయి. దూదేకులవారు అంతకుముందు నుంచే బి.సి.-బిలో ఉన్నారు. అంటే మనలోనూ పైమెట్టు, కిందిమెట్టు ఉన్నాయి. ఫకీరు కుటుంబం పిల్లవాడు పరీక్ష తప్పితే "వాళ్ళంతే" అని, మన బంధువుల పిల్లవాడు తప్పితే "పేపరు కష్టంగా వచ్చింది" అని మనమే అంటున్నాం కదా.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తప్పంతా వ్యవస్థదే అని ప్రతిదానికీ చెప్పేవారు కూడా పిల్లవాడికి మేలు చేయరు. ఏం చేసినా ఏమీ మారదు అన్న నమ్మకం నసీబ్ మాటకు ఇంకో పేరే. నేను తరగతిలో మొదట కాలువ బొమ్మ గీస్తాను. నీ పొలం ఎక్కడుందో ముందు తెలుసుకో, తర్వాత తూము దాకా ఎలా వెళ్ళాలో మాట్లాడదాం అంటాను.

ఇక మన దరఖాస్తుల సంగతి. గడువు దాటాక కాగితాలు తెచ్చేవారు, ఆదాయం సర్టిఫికెట్ మరిచిపోయేవారు, చెప్పినదే రెండుసార్లు అడిగేవారు ప్రతి సంవత్సరం ఉంటారు. కమిటీలో "అవసరం ఉన్నవాడికి ఆ మాత్రం శ్రద్ధ ఉండదా?" అన్న మాట వస్తుంది. 2013లో సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, వారి సహచరులు తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పరీక్షించారు. కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడు ఒకసారి, కోత తర్వాత డబ్బు అందాక ఒకసారి. అదే రైతు, కోతకు ముందు ఆలోచనా పరీక్షల్లో తక్కువ తెచ్చుకున్నాడు. లేమి మనసులో చోటంతా ఆక్రమిస్తే మిగతా వాటికి చోటు ఉండదని వారి నిర్ణయం. నిరుడు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన ఒక ఇంటర్ అమ్మాయి దరఖాస్తును శ్రద్ధ లేదని పక్కన పెట్టబోయారు. కమిటీ సభ్యుడొకరు వాళ్ళింటికి వెళ్ళి చూస్తే, తల్లి హైదరాబాద్‌లో కూలికి ఉంది, తండ్రి మంచం మీద ఉన్నాడు, సంతకం పెట్టాల్సిన ఆధార్ కాగితం తల్లితోపాటు వెళ్ళింది. ఆ దరఖాస్తు మంజూరైంది. ఎవరూ వెళ్ళి చూడని దరఖాస్తులు ఎన్ని ఉన్నాయో ఆలోచించాలి. అసలు దరఖాస్తే పెట్టనివారు ఇంకా ఉన్నారు. వాళ్ళు అడగరు కాబట్టి తెలియనివాడు వాళ్ళను ఉన్నవాళ్ళనుకుంటాడని సూరా అల్-బఖరా 273వ ఆయతు చెబుతోంది. సంపదలో అడిగేవారికే కాదు, అడగలేని వంచితులకూ హక్కు ఉందని అజ్-జారియాత్ 19వ ఆయతు చెబుతోంది. హక్కు అన్నాక యోగ్యత పరీక్ష పెట్టే అధికారం మనకు తగ్గుతుంది.

మన కరపత్రాల గురించి కూడా ఒక మాట. 1991లో షాంతో అయ్యంగార్ టీవీ వార్తల మీద రాసిన పుస్తకంలో ఒక వింత ఫలితం ఉంది. ఒక్క పేద మనిషి కథ చూపిస్తే చూసేవారు ఆ మనిషినే బాధ్యుణ్ణి చేస్తారు. ఊరు, ఉపాధి, ధరలు కలిపి చూపిస్తే సమాజం వైపు, ప్రభుత్వం వైపు చూస్తారు. కుట్టుమిషను అందుకుంటున్న వితంతువు ఫోటో చందాలు తెస్తుంది, నిజమే. ఆ ఫోటో కింద ఆమె భర్త ఏ పనిలో చనిపోయాడు, పరిహారం ఎందుకు రాలేదు అన్న రెండు వాక్యాలు ఉంటే ఇంకోలా చదువుకుంటారు. ఆమె ముఖం లేకపోయినా ఫరవాలేదు.

కొత్త దరఖాస్తు ఫారంలో "విద్యార్థి ప్రవర్తన ఎలాంటిది?", "సాయానికి ఎందుకు అర్హులు?" అన్న రెండు ప్రశ్నలు తీసేసి మూడు చేర్చాలని ప్రతిపాదించాను. గత సంవత్సరం ఏయే నెలల్లో బడికి లేదా కాలేజీకి వెళ్ళడం కుదరలేదు, ఆ నెలల్లో ఇంట్లో ఏం జరిగింది? ఇంటి నుంచి బస్సు ఎక్కే చోటు ఎంత దూరం? ఇంటి మీద ఎవరికి ఎంత అప్పు ఉంది, వడ్డీ ఎంత? చివరి ప్రశ్న జవాబు ఇష్టమైతేనే రాయవచ్చు, కమిటీ దాటి బయటకు పోదు. నమూనా ఫారం కార్యదర్శి గారి దగ్గర ఉంది. సర్వసభ్య సమావేశానికి వచ్చేవారు ముందుగా ఒకసారి దాన్ని తమ ఇంటి గురించి నింపి చూసి రావాలని కోరుతున్నాను.